ఐ.సి. విద్యుత్ కాళ్ళు – వాటి పేర్లు

"పద్నాలుగు ప్లస్సు, ఏడు గ్రౌండు." ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలకు వచ్చిన మొదటి వారముననే మన విద్యార్థులు కంఠస్థము చేసే సూత్రమిది. ఉర్దూ మాధ్యమమునుండి వచ్చినవారైనను, తెలుగు మాధ్యమమునుండి వచ్చినవారైనను దీనిని ఒకే వేగముతో వల్లిస్తారు. నాలుగు నాండ్ గేట్లు గల 7400 అను ఐ.సి.ని బ్రెడ్‌బోర్డు మీద గుచ్చి, పద్నాలుగవ కాలికి 5 వోల్టులు, ఏడవ కాలికి గ్రౌండు కలిపితే గేట్లు పనిచేస్తాయి. సూత్రము ఫలించినది. కొన్ని వారముల తరువాత అదే విద్యార్థి చేతికి 7490 అను దశాంశ గణకము వస్తుంది. దానికి కూడ పద్నాలుగు కాళ్ళే. అదే సూత్రము ప్రకారము కలుపుతాడు. గణకము ఉలకదు, పలకదు. 7490లో ప్లస్సు ఐదవ కాలు, గ్రౌండు పదవ కాలు. పద్నాలుగవది లెక్కింపవలసిన స్పందనలు ప్రవేశించే ద్వారము.

అప్పుడు డేటాషీటు తెరుస్తాడు. అందులో ప్లస్సు అనిగాని మైనస్సు అనిగాని ఉండదు. ఒకచోట వి.సి.సి., మరొకచోట వి.డి.డి., ఇంకొకచోట వి.ఎస్.ఎస్., వి.ఇ.ఇ. అని ఉంటుంది. ఈ అక్షరములేమి? ఒకే అక్షరమును రెండుసార్లు వ్రాయడమెందుకు? తిన్నగా ప్లస్సు అని వ్రాస్తే ఎవరికి నష్టము? ఈ ప్రశ్నలు ఏటేటా వినబడుతూనే ఉన్నవి. "అవి అంతే, గుర్తుపెట్టుకో" అను సమాధానము మాకు తృప్తినివ్వదు. గుర్తుపెట్టుకొన్న పేరు ఒక ఐ.సి.ని బ్రతికించి మరొక ఐ.సి.ని కాల్చగలదు. కనుక ఆ పేర్ల పుట్టుకను కొంత విపులముగా పరిశీలింతము.

ట్రాన్సిస్టరుకు మూడు కాళ్ళు: ఎమిటరు, బేసు, కలెక్టరు. వాటి ఆంగ్ల నామముల మొదటి అక్షరములు ఇ, బి, సి. వోల్టేజికి గుర్తు వి. ఒక కాలికీ గ్రౌండుకూ మధ్యనున్న వోల్టేజిని ఆ కాలి అక్షరముతోనే సూచిస్తారు. కలెక్టరు వద్ద ఉన్నది వి.సి., ఎమిటరు వద్ద ఉన్నది వి.ఇ. రెండు కాళ్ళ నడుమ వోల్టేజికి రెండు అక్షరములు కావలెను. బేసుకూ ఎమిటరుకూ నడుమ ఉండే వోల్టేజి వి.బి.ఇ.; సిలికాను ట్రాన్సిస్టరు వాహక స్థితిలో ఉన్నప్పుడు ఇది సుమారు 0.6 నుండి 0.7 వోల్టుల వరకు ఉంటుంది. ఇంతవరకు చిక్కులేదు.

చిక్కు సరఫరా వద్ద వస్తుంది. 12 వోల్టుల బ్యాటరీనుండి 1000 ఓముల నిరోధము ద్వారా కలెక్టరుకు విద్యుత్తు అందుచున్నదనుకొందము. ప్రవాహము 5 మిల్లీ ఆంపియరులైతే నిరోధములో 5 వోల్టులు ఖర్చయి, కలెక్టరు వద్ద మిగిలేది 7 వోల్టులు. బ్యాటరీ వద్ద 12, కలెక్టరు వద్ద 7. రెంటినీ వి.సి. అని వ్రాస్తే లెక్క చెడుతుంది. బ్యాటరీ కలెక్టరుకు సంబంధించినదే కాని కలెక్టరు వోల్టేజి మాత్రము కాదు. దీనికి ఇంజనీర్లు ఎంచుకొన్న ఉపాయము మాకు ముచ్చటగా తోస్తుంది. కలెక్టరుకూ అదే కలెక్టరుకూ మధ్య వోల్టేజి ఎప్పుడూ సున్నయే గదా, అందుచేత సి.సి. అను జంట మరే అర్థమునకూ అక్కరలేక ఖాళీగా ఉన్నది. ఆ ఖాళీ జంటను సరఫరాకు కేటాయించినారు. కలెక్టరు వైపు సరఫరా వి.సి.సి., ఎమిటరు వైపు సరఫరా వి.ఇ.ఇ., బేసు వైపు సరఫరా వి.బి.బి. అర్ధవాహక పరికరముల అక్షర సంకేతములకు ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థ 1963లో వెలువరించిన 255వ ప్రమాణములో కూడ ఈ పద్ధతియే ఉన్నది.

జంట అక్షరముల ఆచారము ట్రాన్సిస్టరుతో పుట్టినది కాదు. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు రూపొందక పూర్వమే వాల్వుల కాలములో ఇది ఉన్నది. అమెరికాలో బ్యాటరీతో నడిచే వాల్వు రేడియోలకు మూడు బ్యాటరీలు ఉండేవి: ఫిలమెంటును వేడిచేయుటకు ఏ బ్యాటరీ, ప్లేటుకు బి బ్యాటరీ, గ్రిడ్డుకు సి బ్యాటరీ. అప్పుడు వోల్టేజికి ఇ అను అక్షరము వాడేవారు. ప్లేటు సరఫరాను ఇ.బి.బి. అనీ, గ్రిడ్డు సరఫరాను ఇ.సి.సి. అనీ వ్రాసినారు. ఆనాటి సి.సి.కి కలెక్టరుతో ఏ చుట్టరికమూ లేదు. పద్ధతి నిలిచినది, అక్షరముల అర్థము మారినది. ఈ సంగతి మున్ముందు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

ఈ నిర్వచనములో ఎక్కడను ప్లస్సు అను మాట లేదని పాఠకులు గమనింపవలెను. వి.సి.సి. అనగా కలెక్టరు సరఫరా, అంతే. ఎన్.పి.ఎన్. ట్రాన్సిస్టరులో అది ధనాత్మకము, పి.ఎన్.పి. ట్రాన్సిస్టరులో ఋణాత్మకము. జర్మేనియం పి.ఎన్.పి. ట్రాన్సిస్టర్లతో చేసిన పాతకాలపు రేడియోలలో గ్రౌండుకు బ్యాటరీ ప్లస్సు కొనను కలపడము మామూలే. వి.సి.సి. అంటే 5 వోల్టులు అను నమ్మకము టి.టి.ఎల్. జాతి ఐ.సి.లు మనకు అంటగట్టినది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1964లో 5400 వరుసను, 1966లో చౌకైన 7400 వరుసను విడుదల చేసినది. వీటికి 4.75 నుండి 5.25 వోల్టుల వరకు కావలెను. 7 వోల్టులు దాటితే ప్రమాదము. 7400 గేటు లోపలి పటము చూస్తే వి.సి.సి. కాలు 130 ఓముల నిరోధము ద్వారా పై ట్రాన్సిస్టరు కలెక్టరుకు చేరుతుంది. ఇంకొక దారిలో 4000 ఓముల ద్వారా ఒక బేసుకు కూడ చేరుతుంది. లోపల ట్రాన్సిస్టర్లు అనేకము. ఏ కలెక్టరు అని అడుగుటకు వీలులేదు. కలెక్టర్లు అధికముగా ఏ దిక్కున ఉన్నవో ఆ దిక్కుకు ఆ పేరు వచ్చినది.

పేరును నమ్మి మోసపోవుటకు మంచి ఉదాహరణము ఇ.సి.ఎల్. జాతి. మోటరోలా వారి 10,000 వరుస ఇ.సి.ఎల్.లో వి.సి.సి. కాళ్ళను గ్రౌండుకే కలపవలెను! వి.ఇ.ఇ. కాలికి మైనస్ 5.2 వోల్టులు. ఇది వింతగా తోచినను కారణము గట్టిది. ఈ గేట్ల సంకేతములు చాల చిన్నవి. ఉన్నత స్థితి సుమారు మైనస్ 0.9, నిమ్న స్థితి సుమారు మైనస్ 1.7 వోల్టులు. ఈ స్థితులు వి.సి.సి.ని ఆధారముగా చేసుకొని ఏర్పడుతాయి. కనుక వి.సి.సి. మీద ఏ కలత వచ్చినను అది తిన్నగా సంకేతములోనికి దిగుతుంది. విద్యుద్వలయములో అన్నిటికంటె నిశ్చలముగా ఉండేది గ్రౌండు గనుక కలెక్టరు దిక్కును గ్రౌండుకు కట్టివేసి, అలజడిని ఎమిటరు దిక్కుకు తోసినారు. పేరు నిర్వచనము ప్రకారము సరియైనదే. దానికి 5 వోల్టులు అని అర్థము చెప్పుకొన్నవారిదే తొందరపాటు.

ఇక మాస్ జాతి. ఇందులో కలెక్టరు, ఎమిటరు లేవు. డ్రెయిను, సోర్సు, గేటు ఉన్నవి. కనుక డ్రెయిను సరఫరా వి.డి.డి., సోర్సు సరఫరా వి.ఎస్.ఎస్. అయినవి. ఎన్-మాస్ వలయములలో సోర్సులు గ్రౌండు వైపు, డ్రెయిన్లు ప్లస్సు వైపు ఉంటాయి గనుక వి.డి.డి. ప్లస్సు, వి.ఎస్.ఎస్. గ్రౌండు అయినవి. మొదట విరివిగా వచ్చినవి పి-మాస్ ఐ.సి.లు. వాటిలో వ్యవహారము తలక్రిందులు. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 మైక్రోప్రాసెసరు పి-మాస్‌ది. దానిలో వి.డి.డి., వి.ఎస్.ఎస్. కంటె 15 వోల్టులు తక్కువగా ఉండవలెను. టి.టి.ఎల్. ఐ.సి.లతో కలిపి వాడునప్పుడు వి.ఎస్.ఎస్.కు ప్లస్ 5, వి.డి.డి.కి మైనస్ 10 వోల్టులు ఇచ్చేవారు. వి.ఎస్.ఎస్. అనగా గ్రౌండు అని కంఠస్థము చేసినవారికి ఆ ఐ.సి. ఒక్క క్షణము కూడ దక్కదు.

సి-మాస్ వచ్చేసరికి పేరుకూ లోపలి నిర్మాణమునకూ సంబంధము దాదాపు తెగిపోయినది. ఆర్.సి.ఎ. సంస్థ 1968లో ప్రారంభించిన 4000 వరుసలో ప్రతి గేటులోను ఎన్-మాస్, పి-మాస్ ట్రాన్సిస్టర్లు జంటగా పనిచేస్తాయి. ఎన్-మాస్ సోర్సు వి.ఎస్.ఎస్.కు కలుస్తుంది, ఇంతవరకు పేరు నిజము. పి-మాస్ సోర్సు వి.డి.డి.కి కలుస్తుంది. ఇన్వర్టరు పటము గీసి చూడండి. రెండు డ్రెయిన్లు ఒకదానితో ఒకటి కలిసి బయటి సంకేతపు కాలికి పోతాయి. ఒక్క డ్రెయిను కూడ వి.డి.డి.ని తాకదు. డ్రెయిను సరఫరా అను పేరు గల తీగకు సోర్సులు వ్రేలాడుతూ ఉంటాయి! పరీక్షలో ఈ పటము గీయగల విద్యార్థులలో ఈ విషయము గమనించినవారు బహు కొద్దిమంది.

మన తెలుగువారి ఇంటిపేర్లు చాలవరకు ఊరిపేర్లే. తాతముత్తాతలు విడిచివచ్చిన ఊరు మనుమలు చూడకపోయినను ఇంటిపేరు మారదు. సరఫరా కాళ్ళ పేర్లు కూడ ఇట్టివే. 1980ల మొదట్లో వచ్చిన 74హెచ్.సి. వరుస సి-మాస్ జాతిది. అందులో గాలించినను కలెక్టరు దొరకదు. టి.టి.ఎల్. ఐ.సి.ల స్థానములో అదే కాళ్ళ వరుసతో కూర్చుండవలెనని తయారైనది గనుక వి.సి.సి. అను ఇంటిపేరును నిలుపుకొన్నది. దానికి 2 నుండి 6 వోల్టుల వరకు ఇవ్వవచ్చును. మన విద్యార్థులకు చిరపరిచితమైన 8085 మైక్రోప్రాసెసరు ఎన్-మాస్‌ది. అయినను దాని నలువదవ కాలు వి.సి.సి., ఇరువదవ కాలు వి.ఎస్.ఎస్. ఒకటి టి.టి.ఎల్. ఇంటినుండి, రెండవది మాస్ ఇంటినుండి వచ్చినవి.

ఈ కలగాపులగమునకు అసలు కారణము 8085కు ముందు వచ్చిన 8080లో కనబడుతుంది. 1974 నాటి ఆ ఐ.సి.కి ఒకటి కాదు, మూడు సరఫరాలు కావలెను. వి.డి.డి.కి 12 వోల్టులు, వి.సి.సి.కి 5 వోల్టులు, వి.బి.బి.కి మైనస్ 5 వోల్టులు, వి.ఎస్.ఎస్. గ్రౌండు. ఇక్కడ వి.బి.బి.లోని బి బేసు కాదు. ట్రాన్సిస్టర్లన్నిటికీ పీటవంటిదైన సిలికాను పలకకు ఇచ్చే వోల్టేజి అది. వి.సి.సి. అనగా చుట్టూ ఉన్న టి.టి.ఎల్. ఐ.సి.ల సరఫరాయే. అనగా ఈ కాలమునకు వి.సి.సి. అనునది "బయట అందరూ వాడే ఐదు వోల్టులు" అను అర్థమునకు మారినది. 1976లో 8085కు ఒక్క 5 వోల్టుల సరఫరాయే చాలునని తేలినప్పుడు ఆ వాడుక పేరే మిగిలినది. 8085 పేరులోని చివరి 5 ఆ ఒంటి సరఫరాను సూచించేదే.

ఎక్కువ నష్టము కలిగించిన ఉదాహరణము జ్ఞాపకపు ఐ.సి.లది. 4116కు పదునారు కాళ్ళు. టి.టి.ఎల్. అలవాటు ప్రకారము పదునారవది ప్లస్సు, ఎనిమిదవది గ్రౌండు కావలెను. దీనిలో పదునారవది వి.ఎస్.ఎస్., అనగా గ్రౌండు, ఎనిమిదవది వి.డి.డి., అందులో 12 వోల్టులు; తొమ్మిదవది వి.సి.సి. 5 వోల్టులు, మొదటిది వి.బి.బి. మైనస్ 5 వోల్టులు. అలవాటుగా కలిపితే సరఫరా తలక్రిందులవుతుంది. దాని తరువాతి తరమైన 4164 కూడ పదునారు కాళ్ళదే. అందులో ఎనిమిదవ కాలికి 5 వోల్టులే. తొమ్మిదవ కాలు సరఫరా కానే కాదు, చిరునామా సంకేతమునకు కేటాయింపబడినది. పాత యంత్రములో 4116 స్థానమున 4164ను మార్పులేమియు చేయకుండ పెట్టినవారు 5 వోల్టుల కాలికి 12 వోల్టులు పంపినవారవుతారు.

తలక్రిందులుగా ఇస్తే ఐ.సి. ఎందుకు కాలుతుంది? సాధారణ ఐ.సి. ట్రాన్సిస్టర్లన్నియు ఒకే సిలికాను పలక మీద ఉంటాయి. పి-జాతి పలకను అన్నిటికంటె తక్కువ వోల్టేజికి కలిపి ఉంచుతారు. అప్పుడు పలకకూ దానిమీది ఎన్-భాగములకూ నడుమనున్న సంధులు డయోడ్ల వలె తిరుగుముఖముగా ఉండి, ఒక ట్రాన్సిస్టరును మరొకదానినుండి వేరుచేస్తాయి. సరఫరాను తిప్పి కలిపినప్పుడు ఈ డయోడ్లన్నియు ఒక్కమారుగా తెరచుకొంటాయి. ప్రవాహమును ఆపేది లేదు. వ్రేలు పెడితే చురుక్కుమంటుంది. కొద్ది క్షణములలో ఐ.సి. పని ముగుస్తుంది.

ఆంప్లిఫయరు ఐ.సి.లలో మరొక తమాషా ఉన్నది. 741కి గ్రౌండు కాలే లేదు. ఏడవ కాలు ప్లస్సు సరఫరా, నాలుగవ కాలు మైనస్సు సరఫరా. గ్రౌండు బయటి వలయములో ఉంటుంది. ఈ రెండు కాళ్ళను ఒక సంస్థ వి.సి.సి. ప్లస్, వి.సి.సి. మైనస్ అంటే, ఇంకొక సంస్థ వి.సి.సి., వి.ఇ.ఇ. అన్నది, మరికొందరు వి ప్లస్, వి మైనస్ అని ఊరుకొన్నారు. ఐ.సి. ఒకటే, పేర్లు మూడు తీరులు. వి ప్లస్ అను పేరు చాల సరళమని సంతోషింపబోతే మాక్స్ 232 అడ్డము వస్తుంది. కంప్యూటరు సీరియల్ తీగకు వాడే ఈ ఐ.సి.లో రెండవ కాలు వి ప్లస్, ఆరవ కాలు వి మైనస్. ఇవి మనము విద్యుత్తు ఇవ్వవలసిన కాళ్ళు కావు. 5 వోల్టులనుండి ఐ.సి. తానే తయారుచేసుకొన్న వోల్టేజీలు అక్కడ కెపాసిటర్లలో నిలువ ఉంటాయి. మనమివ్వవలసినది పదునారవ కాలైన వి.సి.సి.కి, గ్రౌండు పదునైదవది.

నేటి మైక్రోకంట్రోలర్లలో అక్షరముల సంఖ్య ఇంకను పెరిగినది. ముందు ఏ ఉంటే అనలాగ్ భాగమునకు ప్రత్యేకముగా ఇచ్చే శుభ్రమైన సరఫరా: ఏ.వి.సి.సి., ఏ.వి.డి.డి. మొదలైనవి. ఆర్డుయినో యునో బోర్డు మీద కనబడే ఏట్‌మెగా 328లో ఏడవ కాలు వి.సి.సి., ఇరువదవ కాలు ఏ.వి.సి.సి. అనలాగ్ భాగముతో మనకు పనిలేదని ఇరువదవ కాలిని గాలిలో వదలివేసే విద్యార్థులు ఉన్నారు. వాడకపోయినను దానిని వి.సి.సి.కి కలిపియే తీరవలెనని తయారీదారులు స్పష్టముగా వ్రాసినారు. మరొక హెచ్చరిక: ఈనాటి ఐ.సి.లలో అనేకము 3.3 వోల్టులకు నిర్మింపబడినవి. వి.డి.డి. అను పేరు చూచి పాత 4000 వరుస జ్ఞాపకముతో 12 వోల్టులు ఇస్తే ఏమగునో చెప్పనక్కరలేదు.

కాబట్టి పేరును చూచి తెలుసుకోగలిగినది కొంత మాత్రమే. ఇది సరఫరా కాలు, ఈ ఐ.సి. పూర్వులు ఫలానా జాతివారు అని పేరు చెబుతుంది. ఎన్ని వోల్టులు, ఏ దిక్కు, దేనితో పోల్చి అనునవి చెప్పదు. అవి డేటాషీటులో రెండు చోట్ల ఉంటాయి. కాళ్ళ పటములో స్థానము తెలుస్తుంది. మించరాని పరిమితుల పట్టికలో వోల్టేజీల హద్దులు తెలుస్తాయి. ఈ రెండవ పట్టికను విద్యార్థులు సాధారణముగా దాటవేస్తారు. మా అభిప్రాయములో మొదట చదువవలసినది అదే. విద్యుత్తు ఇవ్వకముందు మల్టీమీటరుతో రెండు కాళ్ళ నడుమ వోల్టేజి దిక్కును సరిచూచుటకు అర నిమిషము పడుతుంది.

కళాశాల పాలక సంఘము వారికి ఈ సందర్భమున ఒక విన్నపము. డేటాషీట్లు నేడు ఫోనులోనే లభిస్తున్నవి, నిజమే. కాని ప్రయోగపు బల్ల వద్ద ఒక చేత తీగ, మరొక చేత ఐ.సి. ఉన్న విద్యార్థి ఫోనులో ఇరువది పుటలు తిరుగవేయడు; పక్కవానిని అడుగుతాడు, పక్కవాడు "పద్నాలుగు ప్లస్సు" అంటాడు. పాఠ్యక్రమములోని ముప్పది, నలుబది ఐ.సి.ల కాళ్ళ పటములను, పరిమితుల పట్టికలను పెద్ద అక్షరములతో అచ్చువేయించి గోడకు తగిలించుటకు అయ్యే ఖర్చు అతి స్వల్పము. ప్రక్కనే ఒక వరుస ఉర్దూలోను, ఒక వరుస తెలుగులోను వివరణ ఉంటే మొదటి సంవత్సరము వారికి మరింత మేలు. ఆ గోడమీద మొదట ఉండవలసినది 4049 పటమని మా సూచన. అది సి-మాస్ 4000 వరుసకు చెందినదైనను దాని సరఫరా కాలి పేరు వి.సి.సి.; అది పదునారవ కాలు కాదు, మొదటి కాలు. దాని పూర్వగామియైన 4009కి రెండు సరఫరాలు ఉండేవి, వి.సి.సి. మొదటి కాలు, వి.డి.డి. పదునారవ కాలు. 4049లో రెండవ సరఫరా అవసరము తీరిపోగా పదునారవ కాలిని లోపల దేనికీ కలపకుండ వదలివేసినారు. అక్కడ ఎన్ని వోల్టులు ఇచ్చినను ఏమియు జరుగదు.